పాడైన ఫ్రేములతో సహా చూపించండి

మంచి ఫొటో చూపిస్తే చాలు, ఎవరైనా అడిగే మొదటి మాట "ఎలా తీశారు?" పోర్ట్రెయిట్లు, పెళ్లిళ్లు తీయడం మొదలుపెట్టి పదహారేళ్లయింది. మొదటి కొన్నేళ్లు ఆ ప్రశ్నకు నా జవాబు నాలుగు ముక్కలు: లెన్స్, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం ఎంత తెరిచాను), షట్టర్ స్పీడ్ (వెలుతురు ఎంతసేపు పడనిచ్చాను), ఐఎస్ఓ (ఆ వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలి). నేర్పడమంటే అదే అనుకున్నాను.

దానివల్ల నష్టపోయింది వేరేవాళ్లు. గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసిన ఫొటో చూసి, అప్పుడే పనిలోకి వచ్చిన ఒకమ్మాయి వివరాలు అడిగింది. 85 ఎంఎం లెన్స్, ఎఫ్/1.8 అపర్చర్ అని చెప్పి పంపేశాను. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది, స్పష్టంగా కనిపించే మందం అంత తక్కువ. తరవాతి వారం ఆమె ఒక కుటుంబం గ్రూప్ ఫొటో అదే ఎఫ్/1.8లో తీసింది. ముందు వరసలో వాళ్ల కళ్లు మెరిసిపోతున్నాయి, వెనక వరస మొత్తం మసక. అంతమంది మళ్లీ ఒకచోట చేరేది ఎప్పుడో! ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి (పాత 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్నది) 85 ఎంఎం లెన్స్ పెట్టి, రెండు మీటర్ల దూరం నుంచి ఎఫ్/1.8లో తీస్తే ఫోకస్‌లో ఉండేది సుమారు 6 సెంటీమీటర్ల మందం మాత్రమే. ముక్కు కొన నుంచి చెవి దాకా కూడా చాలదు. ఆ ఒక్క మాట నేను చెప్పి ఉంటే ఆ ఫొటో దక్కేది.

అందుకే ఇప్పుడు అంకె చెప్పిన ప్రతిసారీ పక్కన కారణం కూడా చెబుతాను. మీరూ అలాగే చెప్పండి. "ఎఫ్/1.8 పెట్టాను, వెనక గోడ మీద స్విచ్‌బోర్డు కనపడకూడదని." "షట్టర్ 1/250 సెకను పెట్టాను, ఆయన చేతులు కొంచెం వణుకుతున్నాయని." కారణం తెలిసిన మనిషి ఇంకో గదిలో, ఇంకో గోడ ముందు తనకేం కావాలో తనే తేల్చుకుంటుంది. సెన్సర్ సైజు కూడా చెప్పండి. 1.5 క్రాప్ ఉన్న, అంటే ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న కెమెరా మీద అదే 85 ఎంఎం దాదాపు 128 ఎంఎం అంత ఇరుకుగా చూపిస్తుంది. చిన్న గదిలో వీపు గోడకు ఆనించి నిలబడినా మనిషి ఫ్రేములో పట్టరు.

ఈ విషయంలో నాకు ఆదర్శం అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రోదయాన్ని తీశారాయన. ఆ ఫొటో ఎలా తీశారో తరవాత వివరంగా రాశారు. ఎఫ్/32, 1 సెకను అని అంకెలు ఇచ్చి ఊరుకోలేదు. పొద్దు వాలిపోతోంది, లైట్ మీటర్ కనపడలేదు, అయినా చంద్రుడి వెలుగు ఎంతుంటుందో తనకు తెలుసు కాబట్టి దాన్నిబట్టి ఎక్స్‌పోజర్ లెక్కకట్టానని రాశారు. రెండో ఫొటోకి సిద్ధమయ్యేలోపే ఆ ఫొటోలో కనిపించే సమాధుల మీది శిలువల మీద వెలుతురు పోయింది. ఆ కంగారు, ఆ లెక్క రెండూ చెప్పారు కాబట్టే చదివినవాళ్లకు పని తెలుస్తుంది, కెమెరా పట్టుకుని వెంటనే బయటికి పోవాలనీ అనిపిస్తుంది.

వెలుతురు గురించి చెప్పాలంటే మాటలకంటే బొమ్మ నయం. ఫైల్లో కెమెరా రాసిపెట్టే వివరాల్లో షట్టర్, అపర్చర్ అన్నీ ఉంటాయి కానీ వెలుతురు ఎటునుంచి వచ్చిందో ఉండదు. ఒక కాగితం మీద, గదిని పైనుంచి చూస్తున్నట్టు గీయండి. కిటికీకి ఒక గీత, మనిషికి ఒక సున్నా, కెమెరాకి ఒక త్రికోణం. మధ్య దూరం అడుగుల్లో రాయండి, ఎందుకంటే దూరం మారితే అంతా మారుతుంది. చిన్న ఫ్లాష్‌ని రెట్టింపు దూరం జరిపితే మనిషి మీద పడే వెలుతురు నాలుగో వంతుకు, అంటే రెండు స్టాప్‌లు, పడిపోతుంది (ఒక స్టాప్ తగ్గడమంటే వెలుతురు సగం కావడం). కిటికీ దగ్గర తగ్గుదల అంత వేగంగా ఉండదు. కాని మనిషి కిటికీకి దూరమయ్యేకొద్దీ బుగ్గ మీద నీడ అంచు గట్టిపడుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది దాచిపెట్టేది: పాడైన ఫ్రేములు, అంటే కుదరని ఫొటోలు. ఆ పెద్దాయన్ని నేను 41 ఫ్రేములు తీశాను. మీరు చూసేది 27వది. మూడోదాంట్లో ముక్కు నీడ పైపెదవి మీదకి దిగింది. తొమ్మిదోదానికి కుర్చీని జానెడు తిప్పాను, నీడ తప్పుకుంది. పధ్నాలుగులో మొహం బిగుసుకుపోయింది, కారణం నేను "నవ్వండి" అన్నాను. తరవాత ఆ మాట మానేసి, మీ చేతికి వచ్చిన మొదటి గడియారం ఏదని అడిగాను. ఆయన చూపు మెత్తబడింది, వేళ్లు వాటంతటవే స్క్రూ తిప్పుతున్నట్టు కదిలాయి. ఇప్పుడు ఈ ఫొటో ఎవరికి చూపించినా 3, 9, 14, 27 నాలుగూ వరసగా పెడతాను. ఒక్కొక్కదాని కింద ఒక్క వాక్యం: ఏం కుదరలేదు, తరవాత ఏం మార్చాను. నేర్చుకోవాల్సిందంతా ఆ మార్పులోనే ఉంది.

ఫిల్మ్ రోజుల్లో కాంటాక్ట్ షీట్ ఈ పని చేసేది. రోల్‌లోని 36 ఫ్రేములూ ఒకే కాగితం మీద కనిపించేవి. డొరొథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలో తీసిన వలస కూలీ తల్లి ఫొటో లోకానికంతా తెలుసు. అదేచోట తీసిన మిగతా ఫ్రేములు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. గుడారం మొత్తం కనిపించేలా దూరం నుంచి తీసినవీ ఉన్నాయి. వాటి పక్కన పెట్టి చూస్తేనే, దగ్గరికి వెళ్లినందువల్ల ఆ మొహానికి ఎంత బలం వచ్చిందో తెలుస్తుంది.

ఇవన్నీ షూట్ అయిన రాత్రే రాసుకోండి. ఓపిక లేకపోతే ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడి రికార్డ్ చేయండి. వారం తరవాత రాస్తే అంతా ముందే అనుకుని చేసినట్టు రాస్తాం, తడబడిన చోట్లు గుర్తుండవు.

పాడైన ఫ్రేములు బయటపెట్టే ముందు అందులో ఉన్న మనిషిని విడిగా అడగండి. మంచి ఫొటోకి ఇచ్చిన అనుమతి కళ్లు మూసుకున్న ఫొటోకి వర్తించదు. వద్దంటే అసిస్టెంట్‌ని అదే కుర్చీలో కూర్చోబెట్టి అదే తప్పు మళ్లీ తీసి చూపించండి. ఇళ్లలో తీసిన ఫొటోల ఫైళ్లలోంచి లొకేషన్ వివరాలు తీసేయడం మరవద్దు.

మీరు చెప్పింది విని ఎవరైనా తమ ఫొటో తెస్తే "బాగుంది" అని పంపేయకండి. దాని ముందు తీసినవి అడగండి. ఆ అమ్మాయి ఈమధ్య ఇంకో గ్రూప్ ఫొటో పంపింది, ఈసారి ఏడు ఫ్రేములూ కలిపి. ఎఫ్/8లో తీసింది, వెనక వరస దాకా స్పష్టంగా ఉంది. కానీ ముందు కూర్చున్న చంటివాడి చేతులు అన్నిట్లోనూ చెదిరాయి. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/8కి వస్తే నాలుగు స్టాప్‌లకు పైగా వెలుతురు పోతుంది, ఆ లోటంతా ఆమె షట్టర్‌తో పూడ్చి 1/30కి దిగింది. ఐఎస్ఓ పెంచి షట్టర్‌ని 1/125 దగ్గర ఉంచితే ఏమవుతుందో చూడమన్నాను. కాస్త గ్రెయిన్ (ఫొటోలో ఇసక చల్లినట్టు చుక్కలు) వచ్చినా పరవాలేదు, చేతులు నిలబడతాయి.