కత్తెర పట్టుకుని చూడాల్సిన సినిమా

మా డ్రాయింగ్ క్లాసు పిల్లలకి వేసవి సెలవుల ముందు లోటె రైనిగర్ సినిమా చూపిస్తాను. నల్ల అట్టని కత్తిరించిన నీడబొమ్మలతో యానిమేషన్ తీసిన జర్మన్ దర్శకురాలు ఆవిడ. చూపించి ఊరుకోను, అందరికీ నల్ల చార్టూ కత్తెరా ఇస్తాను. ఆవిడ పనితనం కళ్ళకి సగమే అందుతుంది, చెయ్యి పెడితేనే మిగతాది అర్థమవుతుంది. ఇంట్లో మీరూ చేసి చూడండి.

రైనిగర్ 1899లో బెర్లిన్‌లో పుట్టింది. 1923 నుంచి 1926 దాకా కూర్చుని ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’ తీసింది. గంటకు పైగా నడిచే యానిమేషన్ సినిమాల్లో ఇప్పటికి మిగిలినవాటిలో అదే పాతది. వెనక పెద్ద స్టూడియో ఏమీ లేదు. జర్మనీలో డబ్బు విలువ పడిపోతున్న రోజుల్లో లూయిస్ హాగెన్ అనే బ్యాంకరు ముడి ఫిల్ము కొని పెట్టుకున్నాడు. ఆ ఫిల్మూ, పోట్స్‌డామ్‌లో తన గ్యారేజీ మీది గదీ ఆవిడకిచ్చాడు. కెమెరా భర్త కార్ల్ కోఖ్ చూసుకున్నాడు. సాయానికి మరికొద్దిమంది.

మొదటిసారి కథ కోసం చూడండి. రెండోసారి సౌండ్ తీసేసి మెడలూ మణికట్లూ గమనించండి. బొమ్మలన్నీ నల్లటి నీడలే కాబట్టి సిగ్గైనా భయమైనా ఒంటితోనే చెప్పాలి. కథానాయిక పరీబాను ఈకల దుస్తులు విప్పి కొలనులో దిగే చోట ఆపి ఆపి చూడండి. నాకు ఆ సినిమా మొత్తంలో ప్రాణం ఆ ఘట్టమే.

తోలుబొమ్మలాట ఎరిగినవాళ్ళకి తేడా ఇట్టే తెలుస్తుంది. నిమ్మలకుంట బొమ్మల్లో తోలు పలుచన, రంగుల్లోంచీ చిల్లుల్లోంచీ దీపం వెలుగు తెర మీదికొస్తుంది. రైనిగర్ బొమ్మలోంచి వెలుగు రాదు. గాజు బల్ల మీద పడుకోబెట్టి, కింద దీపం, పైన కెమెరా పెట్టి, ఒక్కో ఫ్రేముకీ రవ్వంత కదుపుతూ తీసింది.

ఇప్పుడు కత్తెర తీసుకోండి. మనం అలవాటుగా కత్తెర తిప్పుతాం. ఆవిడ కుడిచేతిలో కత్తెరని నిలకడగా ఉంచి, ఎడమచేత్తో కాగితాన్ని తిప్పేది. అందుకే ఆ వంపుల్లో ఎక్కడా గరుకు ఉండదు. మొదట్లో చెయ్యి మొరాయిస్తుంది, పాత న్యూస్ పేపర్ల మీద సాధన చెయ్యండి.

పక్క నుంచి కనిపించే మనిషిని గీసి తల, మొండెం, పైచెయ్యి, ముంజేయి విడివిడిగా కత్తిరించండి. కీలు దగ్గర రెండు ముక్కలూ ఒకదాని మీదొకటి వచ్చేలా గుండ్రంగా కొంచెం ఎక్కువ వదలాలి. లేకపోతే మోచెయ్యి మడిచేసరికి సందులోంచి వెలుతురు వచ్చి చెయ్యి విరిగినట్టుంటుంది. సన్నటి తీగతో గానీ రెండు వైపులా ముడేసిన గట్టి దారంతో గానీ బిగించండి. కదిపితే కదలాలి, వదిలితే ఆగాలి. ఈ బిగింపు కుదరడానికే ఎక్కువ సమయం పడుతుంది, తొందరపడకండి. బరువుగా ఆనుకోవడానికి ఆవిడ అట్టతో పాటు సీసపు రేకులు కూడా వాడింది. సీసం విషం, మీరు వాడొద్దు. అట్ట లేస్తుంటే ఒక రాత్రి లావుపాటి పుస్తకాల కింద పెట్టండి చాలు.

అంచులకి టేపు వేసిన గాజు పలక, దాని మీద ట్రేసింగ్ పేపరు, కింద ఎల్ఈడీ బల్బు. గదిలో మిగతా లైట్లు ఆపేసి, ఫోన్‌ని పైన స్టాండుకి బిగించి, ఫోకస్, వెలుతురు లాక్ చెయ్యండి. లేకపోతే వీడియో మిణుకుమిణుకుమంటుంది.

సెకనుకి 12 ఫోటోలు చాలు. చెయ్యెత్తి నమస్కారం పెట్టడానికి రెండు సెకన్లు, అంటే 24 ఫోటోలు. ప్రతిసారీ ఒకే దూరం జరిపితే బొమ్మ మరమనిషిలా ఉంటుంది. మొదట వెంట్రుకవాసి, మధ్యలో ఎక్కువ, చివర మళ్ళీ వెంట్రుకవాసి. చెయ్యి సగం లేచాక తల వంచడం మొదలుపెట్టండి. అక్కడ అట్టముక్కకి మర్యాద వస్తుంది. అది చూసి మా పిల్లలు కేరింతలు కొడతారు! అయ్యాక కొలను ఘట్టం మళ్ళీ పెట్టండి. ఆ సినిమాలో దాదాపు 96,000 ఫ్రేములున్నాయని చెబుతారు. ఆ అంకె ఎంతటిదో 24 తీసినవాళ్ళకి వేళ్ళ నొప్పితో సహా తెలుస్తుంది.

ఇది కుదిరాక మంత్రగాడికీ మంత్రగత్తెకీ జరిగే యుద్ధం చూసి, ఒక రూపం మరో రూపంగా మార్చడానికి ప్రయత్నించండి. దీనికి కీళ్ళతో పనిలేదు. పాము కోడిగా మారాలంటే మధ్య రూపాలు నాలుగైదు విడిగా కత్తిరించుకుని, వరసగా ఒకదాని చోట ఒకటి పెట్టి ఫోటో తియ్యాలి. బొమ్మ పెట్టే చోటు తప్పకుండా గాజు అంచున పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.