పాత కంప్యూటర్లో లువాంటి గేమ్ ఆగకుండా ఆడటం ఎలగ: విజయనగరం కోట కడతా నేర్చుకున్న సెట్టింగులు

వేసవి సెలవులకి మా అక్క కొడుకు బొబ్బిలి నుంచి విజయనగరం మా ఇంటికొచ్చాడు, వచ్చిన రోజు నుంచి ఒకటే గోల, మావయ్యా బ్లాకుల్తో ఇళ్ళు కట్టే గేమ్ ఎక్కించవా అని. ఇంట్లో ఉన్నదేమో పాత డెస్క్‌టాప్, నాలుగు జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, హార్డ్ డిస్క్ కూడా పాత తిరిగే రకమే. మైన్‌క్రాఫ్ట్ అయితే డబ్బులు పెట్టి కొనాల, కొన్నా ఈ డబ్బా మీద సుఖంగా నడవదు. అందుకని లువాంటి ఎక్కించాను, ఇప్పుడు వాడు అందులో మన కోట కడతన్నాడు. మీ ఇంట్లో కూడా ఇలాంటి పాత సిస్టమ్ ఉండి పిల్లలు అడుగుతుంటే ఇది చదివి అలాగే చేసీండి, ఒక సాయంత్రం సరిపోద్ది.

ముందు ఇది ఏటో చెప్తాను. దీన్ని 2010లో ఫిన్లాండ్‌కి చెందిన పెర్టు అహోలా అనే ప్రోగ్రామర్ మొదలెట్టాడు, అప్పట్నుంచి మైన్‌టెస్ట్ అనేవాళ్ళు, 2024లో లువాంటి అని పేరు మార్చారు. ఫిన్నిష్‌లో సృష్టి అనే అర్థమొచ్చే మాటనీ, ఇందులో మాడ్స్, అంటే ఆటకి కొత్తవి కలిపే చిన్న ప్రోగ్రాములు, రాసే లువా అనే ప్రోగ్రామింగ్ భాష పేరునీ కలిపి పెట్టిన పేరు అది. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, యాడ్స్ లేవు, సింగిల్ ప్లేయర్‌కి లాగిన్ కూడా అక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, లువాంటి అంటే గేమ్ కాదు, గేములు నడిపే ఇంజిన్. ఆట వేరేగా దించుకోవాల. ఇది తెలీక చాలామంది ఓపెన్ చేసి ఖాళీగా ఉందేటి అని తీసేస్తారు.

విండోస్‌లో అయితే లువాంటి అధికారిక సైటుకెళ్ళి 64 బిట్ జిప్ దించండి. చిన్న ఫైలే, ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా గబుక్కున దిగిపోద్ది. జిప్ లోపలికెళ్ళి అక్కడ్నుంచే డబుల్ క్లిక్ చెయ్యకండి, ముందు మొత్తం ఎక్స్‌ట్రాక్ట్ చెయ్యాల, అదీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా డీ డ్రైవ్‌లోనో ఎక్కడో మామూలు ఫోల్డర్లో. ఎందుకంటే ఇది మీరు కట్టిన ప్రపంచాన్ని, సెట్టింగుల్ని ఆ ఫోల్డర్లోనే దాచుకుంటాది, అక్కడ రాయడానికి పర్మిషన్ లేకపోతే ఇబ్బంది పెడతాది. తర్వాత బిన్ అనే ఫోల్డర్లో లువాంటి ఫైలు నొక్కితే తెరుచుకుంటాది. లినక్స్ వాళ్ళయితే ఫ్లాట్‌హబ్ అనే యాప్ స్టోర్ నుంచి వేసుకోండి, కొన్ని పాత లినక్స్‌లలో సాఫ్ట్‌వేర్ సెంటర్లో దొరికేది ఇంకా మైన్‌టెస్ట్ పేరుతో ఉన్న పాత వెర్షనే.

ఓపెన్ అవ్వగానే ఓపెన్ జీఎల్ ఎర్రర్ ఇచ్చి మూసుకుపోతే కంగారుపడకండి, గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెరమీద బొమ్మ గీసే భాగాన్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్, లేదన్నమాట. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనపడితే అదే రోగం. ఇంటెల్ అయితే ఇంటెల్‌ది, ఏఎండీ అయితే ఏఎండీది సరైన డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేస్తే చాలు. మాది కూడా ఇదే. సిస్టమ్ రిపేరుకిచ్చిన షాపులో విండోస్ కొత్తగా ఎక్కించి డ్రైవర్ వదిలేశారు, ఆర్నెల్లు యూట్యూబ్ కూడా ముక్కుతా మూలుగుతా నడిచింది, డ్రైవర్ వేశాక ప్రాణం లేచొచ్చింది. కాబట్టి మిగతా సెట్టింగులు ముట్టుకునే ముందు ఇది చూసుకోండి.

ఇప్పుడు కంటెంట్ ట్యాబ్‌లోకెళ్ళి ఆట దించుకోవాల. వాక్సెలిబ్రే, మైన్‌క్లోనియా అని రెండున్నాయి, ఇవి మైన్‌క్రాఫ్ట్ లాగే ఉంటాయి, జంతువులు, రాత్రయితే రాక్షసులు అన్నీ ఉంటాయి, పిల్లలు ఎక్కువగా ఇవే అడుగుతారు. మైన్‌టెస్ట్ గేమ్ అని ఇంకోటుంది, అందులో జంతువులూ రాక్షసులూ ఏమీ ఉండవు, ప్రశాంతంగా కట్టుకోవడమే, అందుకే చాలా తేలిక. నాలుగు జీబీ మెషీన్ అయితే నా మాట విని దీంతోనే మొదలెట్టండి, బాగా నడుస్తంటే అప్పుడు వాక్సెలిబ్రేకి వెళ్ళొచ్చు. ఒక ఆటలో చేసిన ప్రపంచం ఇంకో ఆటలో తెరుచుకోదు, కాబట్టి వారం రోజులు కట్టాక మార్చేస్తానంటే కుదరదు, ముందే తేల్చుకోండి.

కొత్త వరల్డ్ చేసేటప్పుడు మ్యాప్‌జెన్ అని అడుగుతాది, అంటే నేల ఏ రకంగా పుట్టించాలి అని. కొండలు, గుహలు కావాలంటే మామూలుగా ఉండే వీ7 ఉంచీండి. మావాడిలాగ కోటలూ గుళ్ళూ కట్టేవాళ్ళకి ఫ్లాట్ పెట్టడం మేలు, నేలంతా చదును, కంప్యూటర్‌కీ పని తక్కువ, మనకీ మట్టి తవ్వి చదును చేసే బాధ లేదు. క్రియేటివ్ మోడ్ టిక్ పెడితే అన్ని బ్లాకులూ ఊరికే దొరుకుతాయి.

ఇక అసలు సంగతి, స్పీడు. ఆటలో ఎఫ్ 5 నొక్కితే పైన ఎఫ్‌పీఎస్ కనపడతాది, సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తందో ఆ లెక్క. ఏ సెట్టింగ్ మార్చినా ముందోసారి తర్వాతోసారి ఇది చూడండి, ఒకేసారి పది మార్చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఈ పాత సిస్టమ్‌లకి 30 నిలకడగా వస్తే హాయిగా ఆడుకోవచ్చు. 60కి ఎక్కి 15కి పడిపోతా ఉండేకన్నా 30 దగ్గర కదలకుండా ఉండటమే కంటికి సుఖం. అందుకే సెట్టింగ్స్‌లో మ్యాగ్జిమమ్ ఎఫ్‌పీఎస్ అని ఉంటాది, దాన్ని 30 చేసీండి, వేడి కూడా తగ్గుతాది, మే నెలలో మన ఎండలకి అది చిన్న విషయం కాదు.

అన్నిటికన్నా పెద్ద సెట్టింగ్ వ్యూయింగ్ రేంజ్. అంటే మీరు నిలబడ్డ చోటు నుంచి ఎన్ని బ్లాకుల దూరం గీయాలి అని, మామూలుగా 190 ఉంటాది. దీన్ని 95కి తగ్గిస్తే పని సగమవుతాదనుకుంటారు, కాదు, చుట్టూ అన్ని వైపులా గీయాల కాబట్టి నేల పావు వంతుకి పడిపోద్ది. అందుకే ఈ ఒక్కటి మారిస్తే వచ్చినంత లాభం మిగతా అన్నీ కలిపినా రాదు. మా దాంట్లో 70 పెట్టాను. ఆట మధ్యలో మెనూలోకి వెళ్ళక్కర్లేకుండా ప్లస్, మైనస్ బటన్లతో కూడా మార్చుకోవచ్చు. ఇక్కడే ఒక జాగ్రత్త, కంట్రోల్స్‌లో అన్‌లిమిటెడ్ రేంజ్‌కి ఆర్ అక్షరం ఇచ్చి ఉంటే, అది పొరపాటున నొక్కారంటే రేంజ్ అన్‌లిమిటెడ్ అయిపోతాది, సిస్టమ్ బిగుసుకుపోతాది. మావాడు మొదటి రోజు మూడుసార్లు హ్యాంగయింది మావయ్యా అన్నాడు, చూస్తే వేలు ఆర్ మీద పడతంది. మళ్ళీ ఆర్ నొక్కితే మామూలైపోద్ది. చిన్నపిల్లలైతే కంట్రోల్స్‌లోకెళ్ళి ఆ పనికి వేరే బటన్ ఇచ్చీండి.

రేంజ్ తగ్గిస్తే నష్టమేటంటే దూరం కనపడదు. మన కోట 1713లో కట్టింది, చదరంగా ఉంటాది, ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు, గోడ ఎత్తు 10 మీటర్లు. ఒక బ్లాకుని ఒక మీటర్ అనుకుంటే ఒక వైపుకే 240 బ్లాకులు, 190 రేంజ్ పెట్టినా ఈ బురుజు దగ్గర నిలబడి ఆ బురుజు చూడలేం. మేం ఏం చేశామంటే 70 రేంజ్‌లోనే ముక్కముక్కగా కట్టుకున్నాం, సాయంత్రం పైకెగిరి రేంజ్ ప్లస్‌తో 300కి పెంచి, మొత్తం గీసేదాకా రెండు నిమిషాలు ఆగి, ఎఫ్ 12తో ఫోటో తీసి మళ్ళీ తగ్గించేవాళ్ళం. నాలుగు బురుజులూ ఒకేసారి తెరమీదకొచ్చినప్పుడు వాడి మొహం చూడాల. ఎగరడానికి టీ నొక్కి చాట్‌లో స్లాష్ పెట్టి ఇంగ్లీషులో గ్రాంట్‌మీ ఆల్ అని కొట్టండి, తర్వాత కే నొక్కితే ఎగురుతాం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. డైనమిక్ షాడోస్ ఆపేయండి, పాత గ్రాఫిక్స్‌ని అది నలిపేస్తాది. ఆకులూ నీళ్ళూ ఊగే ఎఫెక్టులు, బ్లూమ్, యాంటీ ఏలియాసింగ్, టెక్స్చర్ (బ్లాకుల మీద ఉండే బొమ్మ) ఫిల్టర్లు ఏవీ వద్దు. లీవ్స్ స్టైల్ ఒపేక్ పెట్టండి, ఆకుల మధ్య సందులు ఉండవు కాబట్టి వెనకున్నవి గీయక్కర్లేదు, అడవిలో తేడా బాగా తెలుస్తాది. త్రీడీ క్లౌడ్స్ తీసెయ్యండి. స్మూత్ లైటింగ్ మాత్రం ఉంచండి, అది తీసేస్తే ఇళ్ళు అట్టపెట్టెల్లాగ కనపడతాయి, దానికయ్యే ఖర్చు తక్కువే. టెక్స్చర్ ప్యాక్‌లు పెద్దవి వెయ్యకండి, 16 పిక్సెల్‌వి చాలు. ఇన్ని చేసినా ఆగిపోతంటే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ చూపించమని టిక్ పెట్టి అండర్‌శాంప్లింగ్ 2 చెయ్యండి, బొమ్మ కొంచెం మసకబారుతాది గానీ నడుస్తాది.

ఇంకో ముఖ్యమైనది, ఏది ఆగుతందో గుర్తుపట్టడం. తల తిప్పితే బొమ్మ కుదుపుగా వస్తంటే అది గీసే పని, పైన చెప్పినవి తగ్గించాల. బొమ్మ బాగానే కదులుతంది గానీ పగలగొట్టిన రాయి మళ్ళీ అక్కడే ప్రత్యక్షమవుతందంటే అది గీయడం కాదు, లోపల సర్వర్, అంటే ఆట ప్రపంచాన్ని నడిపే భాగం, వెనకబడిందన్నమాట, మీరు ఒక్కరే ఆడినా లోపల ఒక సర్వర్ నడుస్తానే ఉంటాది. దానికి గ్రాఫిక్స్ తగ్గించి లాభం లేదు. యాక్టివ్ బ్లాక్ రేంజ్ అని సర్వర్ సెట్టింగుల్లో ఉంటాది, మామూలుగా 4, దాన్ని 2 చెయ్యండి, అప్పుడు మీ దగ్గర్లోని పంటలు, జంతువులు మాత్రమే కదులుతాయి, దూరంగా వేసిన పంట మీరు వెళ్ళేదాకా ఎదగదు. కొత్త చోటుకి ఎగురుకుంటా పోతే కూడా ఆగుతాది, ఎందుకంటే అక్కడి నేల అప్పుడే పుట్టించాల, ఒకసారి పుట్టాక డిస్కులో దాచుకుంటాది కాబట్టి రెండోసారి అంత ఉండదు.

కరెంటు సంగతి. మా వీధిలో గాలివాన వస్తే పోతాది, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ టక్కున ఆగిపోద్ది. లువాంటి అయిదారు సెకన్లకోసారి మ్యాప్ సేవ్ చేసుకుంటాది కాబట్టి సాధారణంగా ఏమీ పోదు. కానీ పాత హార్డ్ డిస్కుకి స్పీడు వస్తాదని ఎస్‌క్యూలైట్ సింక్రొనస్ అనే సెట్టింగ్‌ని 2 నుంచి సున్నా చెయ్యమని కొందరు చెప్తారు, మన దగ్గర అది అస్సలు వద్దు. సున్నా పెడితే డిస్కులో నిజంగా రాశారా లేదా అని చూడకుండా ముందుకెళ్ళిపోతాది, సరిగ్గా అప్పుడే కరెంటు పోతే మ్యాప్ ఫైలు పాడైపోయే ప్రమాదముంది. నెల్లాళ్ళు కట్టిన కోట పోతే పిల్లాడికి ఏటి చెప్తాం. రోజూ ఆట మూసేశాక వరల్డ్స్ ఫోల్డర్లో మీ ప్రపంచం పేరుతో ఉన్న ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, ఆట నడుస్తుండగా మాత్రం చెయ్యకండి.

ఇద్దరు ముగ్గురు కలిసి ఆడాలంటే నెట్ ప్యాక్ అక్కర్లేదు. అందర్నీ ఒకే వైఫైకి గానీ ఒక ఫోన్ హాట్‌స్పాట్‌కి గానీ కలపండి, మొబైల్ డేటా ఆపేసినా ఫర్లేదు. ఉన్నవాటిలో గట్టి మెషీన్ మీద స్టార్ట్ గేమ్‌లో హోస్ట్ సర్వర్ టిక్ పెట్టి పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి మొదలెట్టాల, అనౌన్స్ అనేది మాత్రం టిక్ పెట్టకండి, బయటివాళ్ళకి లిస్టులో కనపడతాది. ఆ మెషీన్ ఐపీ అడ్రస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీ కాన్ఫిగ్ కొడితే వస్తాది, మిగతావాళ్ళు జాయిన్ గేమ్‌లో ఆ అడ్రస్, పోర్ట్ 30000 ఇస్తే లోపలికొచ్చేస్తారు. రాకపోతే తొంభై పాళ్ళు విండోస్ ఫైర్‌వాలే, హాట్‌స్పాట్‌ని విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్ అనుకుంటాది, నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో ప్రైవేట్ చేసి లువాంటిని అలౌ చెయ్యండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా లువాంటి ఉంది, అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండేలా చూసుకుంటే గొడవ లేదు. మా ఎదురింటి పాప వాళ్ళమ్మ ఫోన్లోంచే వచ్చి తూర్పు గోడ కట్టింది.

డబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే ముందు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, ఆట ఒక్కటే కాదు సిస్టమ్ మొత్తం మారిపోద్ది. తర్వాత ర్యామ్, రెండు స్లాట్లుంటే ఒకే పెద్దది కాకుండా ఒకేలాంటివి రెండు వెయ్యండి, గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లు ఆ ర్యామ్‌నే గ్రాఫిక్స్‌కి కూడా వాడుకుంటాయి, రెండు కలిసి పనిచేస్తే దారి వెడల్పవుతాది. కొనేముందు ఫ్యాన్లో దుమ్ము దులిపి, ఆడేటప్పుడు బ్రౌజర్ మూసి చూడండి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఆడండి, బ్యాటరీ మీద అది తనంతట తానే స్పీడు తగ్గించుకుంటాది.

మా కోటకి ఇంకా పడమర వైపు గోడ మిగిలుంది, వాడు జూన్‌లో బడి తెరిచే లోపల అయిపోవాలంటున్నాడు, అందుకని ఆ గోడకి వరల్డ్ ఎడిట్ అనే మాడ్ వేశాను, రెండు మూలలు గుర్తుపెట్టి ఇక్కణ్ణించి అక్కడికి రాయి అంటే నింపేస్తాది. ఒకేసారి గోడంతా అడిగితే మా సిస్టమ్ బిగుసుకుంటంది, నలభై బ్లాకుల చొప్పున అడుగుతున్నాం.