డబుల్ రైఫిల్ ఎంపిక – 3వ పాఠం: రెండు గొట్టాలు, ఒకే గురి

డబుల్ రైఫిల్ అంటే పక్కపక్కనే రెండు గొట్టాలుండే వేట తుపాకీ. పోయిన పాఠంలో దాని తూటా సైజులు (అంగుళాల్లో చెప్పేవి) చూశాం. .450 ఉండగా .470 ఎందుకు పుట్టిందనే ప్రశ్న మిగిలిపోయింది. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 రైఫిళ్లను ఇండియాలోకి రానివ్వలేదు. ఆ తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కి, అదే సైజు గొట్టమున్న పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకుల్లోకి వెళ్తాయని భయం. దాంతో తయారీదారులు .465, .470 లాంటి పక్క సైజులు తెచ్చారు. వాటిలో బాగా నిలిచింది .470 నైట్రో ఎక్స్‌ప్రెస్: 500 గ్రెయిన్ల (సుమారు 32 గ్రాముల) బుల్లెట్, సెకనుకు దాదాపు 2,150 అడుగుల వేగం.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటకు పేరుపడ్డ ఊరు మనది. అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇక్కడ వేట ముగిసిన కథ. తాతల నాటి రైఫిల్ లైసెన్సుతో చేతికొచ్చినా, ఆఫ్రికాలో అనుమతులతో జరిగే వేటకు కొత్తది కొనాలనుకున్నా, చూడాల్సింది మాత్రం ఒకటే. కంపెనీ పేరు, చెక్కడపు పని తర్వాత చూసుకోవచ్చు. ముందు రెండు గొట్టాలూ ఒకే చోట కొడుతున్నాయా? దీన్నే రెగ్యులేషన్ అంటారు.

గొట్టాలు సమాంతరంగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. కాదు, మూతి వైపు వెళ్లేకొద్దీ కాస్త దగ్గరవుతాయి. కుడి గొట్టం పేలితే తుపాకీ వెనక్కి, పైకే కాదు, కుడికి కూడా జరుగుతుంది. ఎడమది పేలితే ఎడమకి. బుల్లెట్ బయటికి రాకముందే ఈ కదలిక మొదలవుతుంది కాబట్టి దాన్ని ముందే లెక్కేసుకుని గొట్టాలను అమరుస్తారు. కాల్చి చూడడం, టంకం కరిగించి మూతుల మధ్య చీలను కదపడం, మళ్లీ కాల్చడం. ఓపిక పని, ధర మండిపోవడానికి ఇదీ ఒక కారణం.

ఈ అమరిక ఒక్క రకం తూటాకే పనికొస్తుంది. బుల్లెట్ నెమ్మదిగా పోతే గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, ఆలోగా తుపాకీ ఎక్కువ జరుగుతుంది. అప్పుడు కుడి గొట్టం మరీ కుడికి, ఎడమది మరీ ఎడమకి కొడతాయి. వేగం మరీ ఎక్కువైతే దెబ్బలు ఒకదాన్నొకటి దాటి అటుది ఇటు, ఇటుది అటు పడతాయి. మన మే నెల ఎండ కూడా ఇక్కడ లెక్కలోకొస్తుంది. పాతకాలపు కార్డైట్ మందు వేడికి ఒత్తిడి పెంచుతుంది. అందుకే చల్లని దేశంలో సరిచేసిన రైఫిల్ వేడి దేశంలో తేడా చూపించేది. పాత రైఫిల్ కొనే ముందు గొట్టాల అడుగున చెక్కిన గుర్తులు చదవండి. మందు ఎన్ని గ్రెయిన్లు, బుల్లెట్ ఎంత బరువు అన్నది చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. అది తెలియకుండా బేరం ఆడొద్దు.

ఇక చేత్తో చేసే పరీక్షలు. తూటాలు లేవని రెండుసార్లు చూసుకోండి. గొట్టాల కింద ముందుండే చెక్క తీసేసి, తుపాకీని మూసి ఊపండి. చెక్క ఉంటే దాని స్ప్రింగు బిగువు వదులుతనాన్ని కప్పేస్తుంది. టకటకమంటే కీలు అరిగిందన్నమాట. తర్వాత గొట్టాలను విడదీసి దారంతో వేలాడదీసి, చిన్న కర్రతో తట్టండి. గంటలా మోగితే టంకం గట్టిగా ఉంది, మొద్దుగా వినిపిస్తే ఎక్కడో ఊడింది. చివరిది ట్రిగ్గర్లు. రెండింట్లో డమ్మీ తూటాలు వేసి, ముందువైపున్న ట్రిగ్గర్ నొక్కి, పిడి మడమను (భుజానికి ఆనే చివరను) రబ్బరు పరుపుపై తట్టండి. రెండో గొట్టం సుత్తి తనంతట తాను పడితే ఆ తుపాకీ వద్దు. రెండూ ఒకేసారి పేలితే భుజానికి దెబ్బ, పైగా ఎదురుగా దున్న ఉన్నప్పుడు చేతిలో ఖాళీ తుపాకీ.

అభ్యాసం: 50 గజాల దూరంలో నాలుగు తూటాలు కాల్చారు. కుడి గొట్టం రెండు దెబ్బలూ చుక్కకు మూడంగుళాలు కుడికి, ఎడమ గొట్టంవి మూడంగుళాలు ఎడమకి పడ్డాయి. తూటా వేగం ఎక్కువా, తక్కువా? ముందు తుపాకీని మారుస్తారా, తూటానా? జవాబు వచ్చే పాఠంలో, బరువు, పిడి పొడవు సంగతులతో కలిపి.