మెయిల్ సర్వర్‌లో లైను ముందు ఖాళీ చూసుకోండి

గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా బాబాయి కొట్టుకి సొంత మెయిల్ సర్వర్ ఉంది, నేనే చూస్తుంటాను. మొన్న ఒక్క మెయిలూ బయటికి పోలేదు. లాగ్ నిండా 25వ పోర్టుకి ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’. మేం పంపేది 587 మీదే, మరి 25 ఎక్కడిది? ఇంటర్నెట్ వాళ్లని అనుమానించి పూటంతా టెన్షన్ పడ్డాను.

తప్పు మా మెయిల్ సర్వర్ నడిపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైల్లో, అంటే మెయిన్ డాట్ సీఎఫ్‌లో ఉంది. లైను మొదట్లో ఒక్క స్పేస్ పడినా పోస్ట్‌ఫిక్స్ దాన్ని పై లైనుకి కొనసాగింపు అనుకుంటుంది. అలా రిలేహోస్ట్ లైను, అంటే మెయిళ్లు ఏ సర్వర్ ద్వారా, ఏ పోర్టు మీద బయటికి పంపాలో చెప్పేది, పైదాంట్లో కలిసిపోయింది. అందుకే 587 వదిలేసి మామూలు 25 మీద పంపబోయింది. కంటితో వెతికితే దొరకదండీ! ‘పోస్ట్‌కాన్ఫ్ మైనస్ ఎన్’ కొడితే పోస్ట్‌ఫిక్స్‌కి ఏం అర్థమైందో అదే చూపిస్తుంది. స్పేస్ తీసేసి, రీలోడ్ చేసి, ‘పోస్ట్‌క్యూ మైనస్ ఎఫ్’ కొట్టండి, ఆగిన మెయిళ్లు కదులుతాయి.