హెచ్‌ఎం గారూ, లెక్కలు పైకి పంపేముందు మీ బడికోసం కూడా వాడుకోండి

సర్కారు హైస్కూల్లో హెచ్‌ఎం కుర్చీలో కూర్చున్నవాళ్లకు డేటా కొరత ఎప్పుడూ లేదు. బడుల వివరాలు ఎక్కించే కేంద్ర పోర్టల్ యూడైస్ ప్లస్‌లో పిల్లల వివరాలు, రోజూ ముఖ హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) మార్కుల ఎంట్రీ, ఇవన్నీ అయ్యాక సాయంత్రం వాట్సాప్ గ్రూపులో 'అర్జెంట్' అంటూ వచ్చి పడే ఇంకో ఎక్సెల్ షీటు. ఇంత సమాచారం మన బడి నుంచి బయటికి పోతోంది కదా, అందులో ఎంత తిరిగి ఆరో తరగతి గదిలోకి వస్తోంది? చాలా బడుల్లో ఏమీ రావడం లేదు. ఉన్న సమాచారంలో కాస్తయినా పిల్లల చదువుకు ఎలా పనికొచ్చేలా చేయాలో, దానికి పరిశోధనలు ఏం చెబుతున్నాయో, ఫోను, టీవీ, కంప్యూటర్ ఎక్కడ అక్కరకొస్తాయో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందుగా ఒక్క నియమం పెట్టుకోండి. ఏ అంకె చూసినా, దాన్ని బట్టి ఫలానా టీచరు ఫలానా పిల్లలతో ఏ తేదీ నుంచి ఏం మార్చి చేస్తారో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ అంకెను పైవాళ్లకు పంపేసి వదిలేయండి, దానిమీద స్టాఫ్ మీటింగ్ పెట్టకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ సంగతి మన రాష్ట్రంలోనే తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఒక ప్రయోగం చేశారు. పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రిపోర్టు రాసి టీచర్లకు ఇచ్చారు, మధ్యమధ్య తరగతికి వచ్చి చూసి వెళ్లారు. చూడటానికి వచ్చిన రోజు టీచర్లు ఎక్కువ కష్టపడ్డారు, కానీ ఏడాది చివర పిల్లల మార్కులు చూస్తే రిపోర్టు ఇవ్వని బడులకూ వీటికీ తేడా లేదు. 2010లో అచ్చయిన ఫలితం ఇది. మధ్యప్రదేశ్‌లో ఇంకా పెద్ద ఎత్తున, బడులన్నిటినీ అంచనా వేసి ప్రతి బడికీ ఒక అభివృద్ధి ప్రణాళిక రాయించిన కార్యక్రమాన్ని పరిశీలిస్తే అక్కడా అంతే: అంచనాలు జరిగాయి, ప్రణాళికలు తయారయ్యాయి, తరగతి గదిలో బోధన మారలేదు, చదువు పెరగలేదు. కాగితం మీద రాసినదాన్ని టైంటేబుల్లోకి తెచ్చేవాళ్లు బడిలో ఒకరుండాలి. ఆ పని హెచ్‌ఎందే, ఇంకెవరూ చేయలేరు.

ఎక్కడ మొదలుపెట్టాలి

ఒకేసారి అన్నీ పట్టుకోకండి. ఒక టర్ముకు ఒక్క ప్రశ్న చాలు. హైస్కూల్ అయితే నా సలహా ఇది: 'మన ఆరో తరగతి పిల్లల్లో ఎంతమంది రెండో తరగతి స్థాయి కథ తడుముకోకుండా చదవగలరు?' ఈ ప్రశ్న అడగడానికి చాలామందికి మొహమాటం. హైస్కూల్‌కి వచ్చిన పిల్లలకు చదవడం వచ్చా రాలేదా అని పరీక్ష పెట్టడం ఏంటి అనిపిస్తుంది. కానీ సోషల్ పాఠం చదవలేని పిల్లవాడికి సోషల్లో మార్కులు ఎందుకు తగ్గాయో ఎన్ని మీటింగులు పెట్టినా తేలదు.

దీనికి కొత్తగా పరీక్ష పేపరు తయారు చేసుకోనక్కర్లేదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల చదువు స్థాయి తెలుసుకోవడానికి 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో వాడే పద్ధతి ఒకటే పేజీ. అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లవాణ్ణి ఒక్కణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని ముందు పేరా చదివించాలి. సాఫీగా చదివితే కథ ఇవ్వాలి, తడబడితే పదాలకు, అదీ రాకపోతే అక్షరాలకు దిగాలి. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే పడుతుంది.

రెండు జాగ్రత్తలు. వాళ్ల పాఠ్యపుస్తకంలోని పాఠం ఇవ్వకండి, చాలామంది పిల్లలు దాన్ని విని విని కంఠతా పట్టేసి, వేలు ఒక లైను మీద, నోరు ఇంకో లైను మీద పెట్టి ధారాళంగా అప్పజెప్పేస్తారు. ఎప్పుడూ చూడని పేరా ఇవ్వండి. రెండోది, 'వచ్చు', 'రాదు' అని టిక్కు పెట్టి వదలకండి, ఎక్కడ ఆగాడో పక్కన రెండు మాటలు రాయించండి. 'కష్టం' అన్న మాటను 'కషటం' అని చదివే పిల్లకు అక్షరాలన్నీ వచ్చు, ఒత్తులే రావు. 'కొడుకు', 'కోడలు' రెంటిలోనూ మొదటి అక్షరాన్ని 'కొ' అనే పలికే పిల్లవాడికి దీర్ఘాలు రావు. వీళ్లిద్దర్నీ 'చదవలేనివాళ్లు' అని ఒకే గదిలో వేసి అ ఆల నుంచి మొదలుపెడితే వాళ్లకు సిగ్గు, మనకు టైం వేస్టు.

మార్కుల రిజిస్టర్లో కనబడనిది

ఎఫ్‌ఏలు అయ్యాక మనం చూసేది మొత్తం మార్కులు, సగటు, పాస్ శాతం. వీటివల్ల ఒరిగేది తక్కువ. పైగా ఎఫ్‌ఏ 1 పేపరు సులువుగా, ఎఫ్‌ఏ 2 కష్టంగా వస్తే సగటు తగ్గుతుంది, దానికి టీచర్ని నిలదీయడం అన్యాయం. పన్నెండు మంది ఉన్న తరగతిలో ఒక్కరు ఫెయిలైతే పాస్ శాతం 8 పడిపోతుంది, దానిమీద పెద్ద నిర్ణయాలు తీసుకోకూడదు.

దానికి బదులు ఒక తరగతి, ఒక సబ్జెక్టు, ఒక పేపరు తీసుకుని ప్రశ్నలవారీగా చూడండి. గూగుల్ షీట్‌లో నిలువు వరుసకు ఒక ప్రశ్న, అడ్డు వరుసకు ఒక పిల్ల. సరిగ్గా రాస్తే 1, తప్పితే 0. సున్నా ఉన్న గడి ఎర్రగా మారేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి, మీకు రాకపోతే స్టాఫ్‌లో ఏ కుర్ర టీచరైనా పెట్టేస్తారు. ఇప్పుడు షీటు చూడండి. ఒక నిలువు వరుస మొత్తం ఎర్రగా ఉంటే ఆ పాఠమే తరగతికి అందలేదు, అందరికీ మళ్లీ చెప్పాలి. ఒక అడ్డు వరుస మొత్తం ఎర్రగా ఉంటే ఆ పిల్ల సంగతి విడిగా చూడాలి, ముందు హాజరు రిజిస్టర్ తీసి ఎన్ని రోజులు వచ్చిందో చూడాలి. పాస్ శాతం ఈ తేడాను ఎప్పటికీ చూపించదు.

ఎర్ర వరుస దగ్గర ఆగిపోకుండా ఆ జవాబు పత్రాలు తీసి తప్పు ఏమిటో చూడాలి, అసలు సమాచారం అక్కడుంటుంది. 3/4 + 1/2 ఎంత అని అడిగితే సగం తరగతి 4/6 అని రాసిందనుకోండి. వాళ్లు ఊరికే తోచింది రాయలేదు, పై అంకెలు పైవాటితో, కింది అంకెలు కిందివాటితో కూడారు. భిన్నం అంటే రెండు వేరువేరు సంఖ్యలు అనుకుంటున్నారు. అదే పద్ధతి మళ్లీ బోర్డు మీద రాసి చూపిస్తే ఈ అపోహ పోదు, కాగితం మడిచి ముప్పావు, సగం చూపించి 'సగానికి సగం కలిపినా ఒకటి అవుతుంది కదా, ముప్పావుకు సగం కలిపితే ఒకటి కంటే తక్కువ ఎలా వచ్చింది?' అని అడగాలి. లెక్కల టీచరు పది నిమిషాలు ఆ పత్రాలు తిరగేస్తే చాలు.

హాజరు గురించి

విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. అందులో 10 శాతం అంటే 22 రోజులు, నెలకు రెండు రోజులు పైచిలుకు. 'నెలకు రెండు రోజులే కదా' అనిపించే పిల్లలే ఏడాది చివరికి మూడు నాలుగు వారాల పాఠాలు పోగొట్టుకుంటారు. తరగతి సగటు హాజరు 90 శాతం అని సంతోషపడకండి. పదిమందిలో తొమ్మిది మంది రోజూ వచ్చి ఒక్కరు అసలు రాకపోయినా అంతే వస్తుంది. నెలాఖరున రెండు రోజులు, అంతకంటే ఎక్కువ మానేసినవాళ్ల పేర్లు తీసి, ఏ ఊరు, ఏ వారం, ఎందుకు అని మూడు గళ్లు నింపించండి. ఊరు అన్న గడి చాలా చెబుతుంది. ఒకే తండా నుంచి వచ్చే ఐదుగురూ సోమవారాలే మానేస్తుంటే బస్సు సంగతి కనుక్కోవాలి. గుంటూరు, ఖమ్మం వైపు మిర్చి కోతల నెలల్లో ఎవరి పేర్లు పోతాయో ముందే తెలుస్తుంది కాబట్టి కోతలకు ముందే తల్లిదండ్రులతో మాట్లాడొచ్చు.

తెలిసింది సరే, ఏం చేయాలి

చదవడం రాని పిల్లల విషయంలో పరిశోధన చాలా స్పష్టంగా ఉంది. తరగతిని బట్టి కాకుండా ఇప్పుడు ఉన్న స్థాయిని బట్టి గుంపులు చేసి, రోజూ కొంతసేపు ఆ స్థాయిలోనే నేర్పితే పిల్లలు త్వరగా అందుకుంటారు. ప్రథమ్ మొదలుపెట్టిన ఈ పద్ధతిని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం వడోదర, ముంబయితో మొదలుపెట్టి చాలా రాష్ట్రాల్లో పరీక్షించింది. 2019లో వాళ్లిద్దరికీ, మైకేల్ క్రెమర్‌కీ నోబెల్ వచ్చింది. తెలంగాణ ప్రాథమిక బడుల్లో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం వెనక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే.

హెచ్‌ఎంకు ఇందులో అన్నిటికంటే పనికొచ్చే ముక్క వేరే ఉంది. ఇదే పద్ధతి మీద ఉత్తరాఖండ్‌లో టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేస్తే ఫలితం రాలేదు. హర్యానాలో టైంటేబుల్లో దానికంటూ ప్రత్యేకంగా ఒక గంట కేటాయించి, పైనుంచి ఒకరు వచ్చి చూస్తూ ఉంటే, ప్రభుత్వ టీచర్లతోనే భాషలో పిల్లలు మెరుగయ్యారు. కాబట్టి మీరు చేయాల్సింది ఆ గంటను కాపాడటం. మొదటి పీరియడ్ లేదా చివరి పీరియడ్, 6, 7 తరగతులకు ఒకేసారి, స్టాఫ్ ఎంతమంది ఉంటే అన్ని గుంపులు. ఎవరైనా సెలవు పెడితే ఆ గుంపును మీరే తీసుకోండి. హెచ్‌ఎం స్వయంగా ఒత్తులు నేర్పుతున్నారంటే స్టాఫ్‌కు అర్థమవుతుంది ఇది ఎంత ముఖ్యమో.

టెక్నాలజీ ఎంతవరకు

పెరూ దేశం లక్షల ల్యాప్‌టాప్‌లు పిల్లలకు పంచింది, లెక్కల్లోగానీ భాషలోగానీ మార్కులు పెరగలేదు. ఢిల్లీలో ఇంకో రకంగా జరిగింది. బడి అయ్యాక సెంటర్‌కు వచ్చిన పిల్లలకు, ఒక్కొక్కరి స్థాయిని పట్టుకుని ప్రశ్నలిచ్చే సాఫ్ట్‌వేర్‌తో చెబితే నాలుగున్నర నెలల్లోనే గణితం, హిందీ రెంటిలోనూ మంచి పెరుగుదల కనిపించింది. పరికరం రెండుచోట్లా ఉంది, పిల్ల స్థాయికి తగ్గ పని ఒకచోటే ఉంది. ఆ ఢిల్లీ అధ్యయనంలోనే ఇంకో సంగతి: పిల్లలు ఇంత నేర్చుకున్నా బడి పరీక్షలో లెక్కల మార్కులు పెద్దగా పెరగలేదు, ఎందుకంటే వాళ్లు తరగతి స్థాయికి రెండేళ్లకు పైగా వెనక ఉన్నారు. కాబట్టి మీ గుంపుల ఫలితాన్ని సమ్మేటివ్ (టర్ము చివరి పెద్ద పరీక్ష) మార్కులతో కొలిచి నిరుత్సాహపడకండి.

మీ దగ్గర ఐఎఫ్‌పీ ప్యానెల్ (తరగతి గోడకు పెట్టే పెద్ద టచ్ తెర) ఉంటే ఆ 4/6 జవాబును పేరు లేకుండా తెరమీద పెట్టి 'ఇది ఎందుకు తప్పు?' అని తరగతిని అడిగించండి, అరగంట వీడియో కంటే అది మేలు. పేరాలు కావాలంటే ఏఐ టూల్‌తో రాయించుకోవచ్చు, కానీ తెలుగు టీచరు చదివి సరిచేయకుండా పిల్లలకు ఇవ్వొద్దు. పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లు వాటిలో వేయడం అసలే వద్దు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, 'చదవడం రాని పిల్లల లిస్టు' అని వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ పిల్ల తల్లి మళ్లీ బడి గేటు దగ్గరికి రావడానికి సిగ్గుపడుతుంది.

స్టాఫ్ మీటింగ్

ఇక్కడే మంచి పనులు చెడిపోతాయి. ఈ లెక్కలు ఎంఈఓ ఆఫీసుకు వెళ్లవని, ఎవరి మీదా మెమో రాదని మొదటి రోజే చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. భయపెడితే మీకు అందరూ 'కథ చదవగలరు' అన్న షీటే వస్తుంది. ఒక పేజీ, ఒక ప్రశ్న, అరగంట. ముందు టీచర్లను మాట్లాడనివ్వండి, వాళ్లకు తెలిసినంత షీటుకు తెలియదు. ఏ సెక్షన్‌లో బలహీనమైన పిల్లలను ఎక్కువ వేశామో తెలిసి తెలిసి ఎ సెక్షన్ టీచర్నీ బి సెక్షన్ టీచర్నీ పోల్చకండి. లేచేముందు ఎవరు, ఏ గుంపు, ఎప్పటినుంచి అన్నది మినిట్స్ బుక్‌లో రాసి సంతకాలు పెట్టించండి.

ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత అదే పద్ధతిలో, వేరే పేరాతో, వీలైతే గుంపులు మార్చి ఒకరి పిల్లలను ఇంకొకరు చదివించి చూడండి. కదలిక లేకపోతే పద్ధతి పనికిరాదని తేల్చేముందు ఆ గంట నిజంగా ఎన్ని రోజులు జరిగిందో లెక్కపెట్టండి. ఆటల పోటీలు, ట్రైనింగులు, సర్వే డ్యూటీలు పోగా సగం రోజులే జరిగి ఉంటే గంట కాపాడటం మీదే మళ్లీ పనిచేయాలి. పూర్తిగా జరిగినా కదలకపోతే పక్కన రాయించిన ఆ రెండు మాటలు తీయండి, ఒత్తుల పిల్లలు అక్షరాల గుంపులో పడ్డారేమో చూడండి.