ఒకే బండి మీద తోబుట్టువులిద్దరు, హైదరాబాద్ నుంచి కన్యాకుమారి: సమస్యలు - పరిష్కారాలు

కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై, తిరునెల్వేలి. దాదాపు దారి పొడవునా 44వ నంబరు జాతీయ రహదారే, మొత్తం పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. బైకులకు దాదాపు ఎక్కడా టోలు లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి మాత్రం రానివ్వరు కాబట్టి ఆరాంఘర్, శంషాబాద్ మీదుగానే ఊరు దాటాలి. ఈ దారిలో ఎదురయ్యే తంటాల్లో చాలావాటికి మూలం ఒకటే: ఒక్కరు ఆఫీసుకు వెళ్లేలా సర్ది ఉన్న బండి మీద ఇద్దరు, పైగా సంచులు ఎక్కడం.

డెబ్బై దాటగానే హ్యాండిల్ తేలిపోతోంది, వెనక భాగం ఊగుతోంది

కారణం: బరువు వెనక ఇరుసు దాటి, ఎత్తులో కూర్చుంది. సీటు చివర కట్టిన పెద్ద సంచి వెనక చక్రాన్ని అణచి ముందు చక్రాన్ని లేపుతుంది. వెనక టైరులో గాలి తక్కువుంటే ఊపు ఇంకా పెరుగుతుంది.

ముందు బరువు లెక్క చూసుకోండి. మామూలు కమ్యూటర్ బండ్లు చాలావరకు 130-150 కిలోలు మోయడానికే తయారవుతాయి. అన్న 75, తమ్ముడు 65 ఉంటే అక్కడికే 140 అయిపోయింది. అందుకే ఇద్దరికీ కలిపి సామాను పది కిలోలు దాటనివ్వకండి. పనిముట్లు, నీళ్లు, పవర్ బ్యాంకుల వంటి బరువైనవి పక్క సంచుల్లో అడుగున, వీలైనంత ముందుకు పెట్టాలి. సీటు వెనక కట్టేది బట్టల సంచి ఒక్కటే. రెండు పక్కలా బరువు సమానంగా ఉండాలి.

గాలి చల్లటి టైరుకే కొట్టించాలి, అంటే పొద్దున బయల్దేరిన వెంటనే, దగ్గరి బంకులో. ఒక్కరికైతే 28-32 పాయింట్లు పెట్టే వెనక టైరుకు ఇద్దరున్నప్పుడు చాలా బండ్లకు 36-41 కావాలి. మీ బండికి ఎంతో చైన్ కవరు మీదో స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీదో అంటించిన కాగితం చెబుతుంది. వెనక షాకబ్సర్ల స్ప్రింగును రెండు వైపులా ఒకే మెట్టుకు బిగించండి. ఐదు మెట్లుంటే మూడో నాలుగో సరిపోతుంది.

చైను గురగురమంటోంది, ఫుట్‌రెస్టుల్లో వణుకు

చైను వదులైందని బిగించేస్తారు చాలామంది. ఈ ప్రయాణంలో అసలు కారణం తరచూ దానికి తలకిందులుగా ఉంటుంది. మెకానిక్ ఖాళీ బండిని స్టాండు మీద పెట్టి 20-25 మిల్లీమీటర్ల ఆట (వదులు) ఉంచుతాడు. ఇద్దరు ఎక్కితే షాకబ్సర్లు దిగుతాయి, స్వింగార్మ్ కదిలి వెనక ఇరుసు ముందున్న పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్‌కు దూరంగా జరుగుతుంది, ఉన్న కాస్త ఆటా పోతుంది. బిర్రుగా లాగిన చైను గేర్‌బాక్సు బేరింగుల్నీ చక్రం బేరింగుల్నీ తినేస్తుంది. గుంతలో పడితే తెగుతుంది కూడా.

ఇద్దరూ సామానుతో సహా కూర్చోండి. మూడో మనిషి కింది చైనును మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించాలి. కనీసం 15-20 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి, బిర్రుగా ఉన్న చోటునే లెక్కలోకి తీసుకోండి. సరిచేసేటప్పుడు రెండు వైపుల గుర్తులూ సమానంగా ఉండాలి, లేకపోతే చక్రం వంకరగా నడుస్తుంది. ప్రతి 500 కిలోమీటర్లకు, వాన తగిలితే అదే సాయంత్రం, చైను వేడిగా ఉండగానే లూబ్ వేసి తుడవాలి. చైన్ లాక్ క్లిప్పు మూసిన కొస చైను నడిచే దిక్కుకు ఉండాలి. చున్నీ లేదా పొడవాటి కండువా వేసుకున్న అక్కాచెల్లెళ్లు వెనక కూర్చుంటే దాన్ని జాకెట్ లోపలికి దోపుకోవాలి.

బండి దానంతటదే ఆగిపోతోంది, పది నిమిషాలాగితే స్టార్టవుతోంది

ట్యాంకులో పెట్రోలు ఉంది, ప్లగ్గు బాగుంది, అయినా ఆగుతోందా? ట్యాంకు మూత తీయండి. 'సుయ్'మని గాలి లోపలికి పీలిస్తే జబ్బు దొరికినట్టే. పెట్రోలు తగ్గేకొద్దీ గాలి లోపలికి వెళ్లడానికి మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. ట్యాంకు సంచో దాని వాన కవరో ఆ రంధ్రాన్ని మూసేసింది, లేదా దుమ్ము పట్టింది. రంధ్రాన్ని సన్నటి తీగతో శుభ్రం చేసి, సంచిని వేలెడు ముందుకో వెనక్కో జరపండి.

తొప్పూరు ఘాట్‌లో వెనక బ్రేకు పట్టడం లేదు

ధర్మపురి దాటి సేలం వైపు దిగే ఈ వాలులో లారీల ప్రమాదాలు ఎక్కువ. ఇద్దరి బరువుతో దిగుతూ వెనక బ్రేకును నొక్కిపట్టి ఉంచితే డ్రమ్ము వేడెక్కి మాడిన వాసన వస్తుంది, పెడలు లోతుకు పోతుంది. న్యూట్రల్‌లో దిగినా ఇదే గతి.

వాలు మొదలవకముందే మూడో గేరులోకి, బాగా నిటారుగా ఉంటే రెండో గేరులోకి రండి. రెండు బ్రేకులూ కలిపి గట్టిగా వేసి వదలండి, మళ్లీ వేయండి. వాసన వస్తే ఆగి ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి. కాలిన డ్రమ్ము మీద నీళ్లు పోస్తే పగుళ్లివ్వచ్చు. డిస్క్ బ్రేకు లీవరు మెత్తగా మారితే బ్రేక్ ఆయిలు పాతదై మరిగిందన్నమాట. బయల్దేరే ముందే మార్పించాల్సింది అది. ఘాట్‌లో మాత్రం ఇద్దరిలో అనుభవం ఎక్కువున్నవాళ్లే నడపాలి.

రాత్రి ఎదురొచ్చేవాళ్లంతా డిప్పర్ కొడుతున్నారు

వెనక బరువుకు బండి ముక్కు లేచి, లైటు వాళ్ల కళ్లలో పడుతోంది. మీకేమో దగ్గరి రోడ్డు కనిపించదు. షాకబ్సర్ల మెట్టు పెంచాక కూడా తగ్గకపోతే, ఇద్దరూ కూర్చుని గోడకు ఐదు మీటర్ల దూరంలో లైటు వేసి, కింద ఉన్న స్క్రూతో కాంతిని దించండి.

వెనక టైరు పంక్చర్

ఇద్దరూ ఎక్కి పంక్చర్ షాపు దాకా నడపకండి, అంచుల దగ్గర టైరు చిరిగిపోతుంది. ట్యూబ్‌లెస్ అయితే మేకు ఏ కోణంలో దిగిందో అదే కోణంలో రీమర్ (రంధ్రాన్ని గరుకు చేసే పనిముట్టు) తిప్పాలి. రబ్బరు పట్టీని సూదికి ఎక్కించి, సొల్యూషన్ రాసి గుచ్చాలి, రెండు కొసలూ సెంటీమీటరు బయట ఉండగా సూదిని చటుక్కున లాగాలి. గాలి నింపి సబ్బునీళ్లతో బుడగలు చూడాలి. ట్యూబ్ టైరైతే కొత్త ట్యూబు, టైరు లివర్లు, పంపు వెంట ఉండాల్సిందే. క్లచ్ వైరు, చైన్ లాక్, ప్లగ్గు, ఫ్యూజులు కూడా అదే సంచిలో.

తిరునెల్వేలి దాటాక బండి పక్కకు తోసుకుపోతోంది

గాలిమరలు కనిపించే చోటల్లా గాలి ఉందని అర్థం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి నుంచి బలంగా వీస్తుంది. అరవైకి తగ్గించి, భుజాలు సడలించి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకోండి. వెనకవాళ్లు దగ్గరికి జరిగి కూర్చోవాలి. లారీ చాటు నుంచి బయటపడే క్షణంలోనే దెబ్బ తగులుతుంది, ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇది గుర్తుండాలి.

వెనకవాళ్ల హెల్మెట్ మాటిమాటికీ తగులుతోంది, పిలిస్తే పలకడం లేదు

నిద్ర. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య, అన్నం తిన్నాక, ఎక్కువ. అన్న హ్యాండిల్ వదలడు, తమ్ముడు నిద్రొస్తోందని చెప్పడు. అన్నదమ్ముల మధ్య ఇది మామూలే, ఇక్కడ మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. బయల్దేరే ముందే ఒప్పుకోండి: లైసెన్సు ఇద్దరికీ ఉంటే వంద కిలోమీటర్లకో గంటన్నరకో, ఏది ముందొస్తే అప్పుడు, ఎవరినీ అడగకుండా చేతులు మారాలి. భుజం మీద ఒకసారి తడితే నెమ్మదిగా, రెండుసార్లు తడితే ఆపాలి. హెల్మెట్ ఒక్కసారి తగిలినా వెంటనే పక్కకు తీసి, దాబా మంచం మీద ఇరవై నిమిషాలు పడుకోండి. గుత్తి, అనంతపురం ఎండలో నిద్రతోపాటు తలనొప్పి కూడా ఉంటే నీళ్లు తగ్గాయని. ఒక ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలో కలిపి, కొంచెం కొంచెంగా తాగించాలి.