వేడిచేసిన ఉత్తేజిత కార్బన్ అనుకున్నట్లు పనిచేయకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: నైట్రోజన్‌లో 900 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసిన ఉత్తేజిత కార్బన్ (సూక్ష్మరంధ్రాలతో నిండిన, నీటిని శుద్ధిచేసే బొగ్గు) నీటిలోని ఫినాల్ అనే కర్బన కాలుష్యాన్ని మునుపటికంటే ఎక్కువగా అధిశోషిస్తోంది, అంటే తన ఉపరితలానికి పట్టి ఉంచుతోంది, కానీ సీసం, రాగి అయాన్లను మాత్రం వదిలేస్తోంది.

కారణం: లోహ అయాన్లను పట్టి ఉంచడంలో ముఖ్యపాత్ర ఉపరితలంపై ఉండే ఆక్సిజన్ ఆమ్ల సమూహాలది (కార్బన్ అంచులకు అతుక్కున్న, ఆక్సిజన్ గల పరమాణు గుంపులు). వేడిచేస్తే ఆక్సిజన్ సమూహాలు ఊడిపోతాయి, కానీ అన్నీ ఒక్కసారిగా పోవు. కార్బాక్సిలిక్ సమూహాలు సుమారు 100–400 డిగ్రీల మధ్య, లాక్టోన్లు దాదాపు 650 వరకు కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతూ విచ్ఛిన్నమవుతాయి. ఫినాలిక్ సమూహాలు 600–700 ప్రాంతంలో, క్వినోన్లు అంతకు పైన కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతాయి. కాబట్టి 900 డిగ్రీలకు చేరేసరికి ఆమ్లగుణం దాదాపుగా తుడిచిపెట్టుకుపోయి, ఉపరితలం నీటికి విముఖంగా, క్షారగుణంతో మిగులుతుంది.

పరిష్కారం: తొలగించవలసిన కాలుష్యం ఏదో ముందు తేల్చుకోవాలి. లోహాలే లక్ష్యమైతే నైట్రిక్ ఆమ్లంతో ఆక్సీకరించి ఆమ్ల సమూహాలను తిరిగి తేవచ్చు. ఫినాల్ వంటి కర్బన పదార్థాలే లక్ష్యమైతే ఈ మార్పు లోపం కాదు, మనకు కావలసినదే. ఏ ఉష్ణోగ్రత ఎంచుకున్నా, వెలువడే మోనాక్సైడ్ విషవాయువు గనుక కొలిమి వాయువును తప్పనిసరిగా బయటికి పంపే ఏర్పాటు ఉండాలి.

సమస్య: తెచ్చుకున్న క్షారగుణం నిల్వలో క్రమంగా తగ్గిపోతోంది.

కారణం: సమూహాలు ఊడిపోయిన అంచుల్లోని కార్బన్ పరమాణువులు చాలా చురుకైనవి, గది ఉష్ణోగ్రతలోనే గాలిలోని ఆక్సిజన్‌ను, తేమను తీసుకుని మళ్లీ ఆమ్ల సమూహాలను ఏర్పరుస్తాయి. చాలామంది ఉష్ణోగ్రతపై పెట్టే శ్రద్ధలో సగం కూడా ఈ దశపై పెట్టరు, అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది.

పరిష్కారం: పూర్తిగా చల్లారేవరకు నైట్రోజన్ ప్రవాహాన్ని ఆపకూడదు, ఆపై గాలి చొరని పాత్రలో భద్రపరచాలి. దీర్ఘకాల స్థిరత్వం కావాలంటే దాదాపు 950 డిగ్రీల వద్ద హైడ్రోజన్‌తో శుద్ధిచేయడం మేలు. అది అతి చురుకైన పరమాణువులను మీథేన్‌గా తొలగించి, మిగిలిన అంచులను కార్బన్–హైడ్రోజన్ బంధాలతో మూసివేస్తుంది. హైడ్రోజన్‌కు ముందూ వెనుకా కొలిమిని నైట్రోజన్‌తో నింపి గాలిని పూర్తిగా వెళ్లగొట్టాలి.

సమస్య: నైట్రోజన్ వంటి జడవాయువులో వేడిచేసినా కార్బన్ ఆమ్లగుణంతో వచ్చింది.

కారణం, పరిష్కారం: చాలాసార్లు కారణం గాలి లీకే. 300–400 డిగ్రీల వద్ద గాలి ఆక్సిజన్ సమూహాలను తొలగించదు, కొత్తగా చేరుస్తుంది. గొట్టం అతుకులను సరిచూసి, వేడి పెట్టకముందే గాలిని వెళ్లగొట్టాలి.

సమస్య: పీహెచ్ ఎక్కువగా ఉంది, కానీ అధిశోషణ మెరుగుపడలేదు.

కారణం, పరిష్కారం: ఆ క్షారగుణం కార్బన్‌లోని ఖనిజ బూడిదది కావచ్చు. నమూనాను సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తర్వాత స్వచ్ఛమైన నీటితో క్లోరైడ్ పోయేవరకు కడిగి, ఆరబెట్టి పీహెచ్‌ను మళ్లీ కొలవాలి.